150 గజాల్లో ఇల్లు: పాతికేళ్ల తర్వాత కూడా పడగొట్టక్కర్లేకుండా ప్లాన్ ఎలా గీయించాలి?

బోడుప్పల్_ఈస్ట్‌ఫేసింగ్

అందరికీ నమస్తే. నాన్న 2004లో బోడుప్పల్ వైపు కొన్న 150 గజాల ప్లాటు ఉంది, ఈస్ట్ ఫేసింగ్, 30 × 45 అడుగులు. ఇన్నాళ్లకి కట్టడానికి కూర్చున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, అమ్మ (68 ఏళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి). తమ్ముడు పుణెలో ఉన్నాడు, తిరిగొస్తాడో రాడో వాడికే తెలీదు.

ప్లాన్ గీసినాయన స్టిల్ట్ (కింద పార్కింగ్‌కి పిల్లర్ల మీద వదిలే ఖాళీ) మీద మూడు ఫ్లోర్లు వేసి ఇచ్చాడు. సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) పోగా ఫ్లోర్‌కి దాదాపు 850 చదరపు అడుగులు వస్తోంది, మూడింటిలోనూ ఒకే టూ బీహెచ్‌కే, జిరాక్స్ తీసినట్టు. ఒకటి మాకు, రెండు అద్దెకి. తప్పేం లేదు, మా కాలనీలో అందరూ అలాగే కడుతున్నారు.

నా టెన్షన్ వేరే. మా వీధిలోనే 1990ల్లో కట్టిన ఇళ్లు ఇప్పుడు ఒక్కొక్కటీ పడగొడుతున్నారు. స్లాబుకి పగుళ్లు కూడా లేవు. పిల్లల పెళ్లిళ్లయ్యాయి, గదులు సరిపోలేదు, పైన వేద్దామంటే ఫుటింగ్ (పిల్లర్ల కింది పునాది) చాలదు, పైపులు గోడల్లోనే కుళ్లిపోయాయి, ఇక బాగుచేయడం కంటే పడగొట్టడమే చవక అంటున్నారు. నాకు ఆ గతి పట్టకూడదు. అమ్మకి మెట్లెక్కే ఓపిక పోతే, తమ్ముడు వస్తే, పాప పెళ్లయ్యాక మేమిద్దరమే మిగిలితే, మధ్యలో అద్దె డబ్బు అవసరం పడితే, ఇల్లు దానికి తగ్గట్టు మారాలి. ఎండాకాలం పై ఫ్లోర్‌లో మాడిపోకూడదు. బోరు ఎండిపోతే ట్యాంకర్ల కోసం ఎదురుచూడకూడదు. బడ్జెట్ ఓ పది శాతం పెరిగినా తట్టుకుంటాను, అంతకు మించి నా వల్ల కాదు. వాస్తు విషయంలో అమ్మని ఎదిరించే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. కాబట్టి ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్ద బెడ్‌రూమ్, ఈశాన్యంలో సంపు ఖాయం.

ఇలా కట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మేస్త్రిగారబ్బాయి

సివిల్ చదివి పదిహేనేళ్లుగా ఇళ్లే కడుతున్నాను, మా నాన్న మేస్త్రి. మీ ప్రశ్న చూసి సంతోషమేసింది, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది అడిగేది ఎలివేషన్ (ఇంటి ముందు అందం) గురించే.

ముందు ఒక్క మాట పట్టుకోండి. ఇంట్లో రెండు రకాల వస్తువులుంటాయి. పిల్లర్లు, బీములు, మెట్లు, డ్రైనేజీ పైపులు, గాలి వచ్చే ఖాళీ, ఇవి ఒకసారి పడితే మళ్లీ కదలవు. లోపలి గోడలు, తలుపులు, కప్‌బోర్డులు, కిచెన్ గట్టు, ఇవి కదులుతాయి. మనవాళ్లు బుర్రంతా రెండోదానిమీదే పెడతారు, మొదటిదాన్ని సెంట్రింగ్ రోజు మేస్త్రికి వదిలేస్తారు. ఈ తేడాని పట్టుకునే హాబ్రాకెన్ అనే డచ్ ఆర్కిటెక్టు 1961లో పుస్తకమే రాశాడు. జపాన్‌లో ఒసాకా గ్యాస్ వాళ్లు 1993లో నెక్స్ట్ 21 అని 18 ఫ్లాట్ల బిల్డింగ్ ఇదే పద్ధతిలో కట్టి, అస్థిపంజరం అలాగే ఉంచి లోపలి ఇళ్లని మార్చి మార్చి చూశారు. మీది పిల్లర్ల ఇల్లే కాబట్టి లోపలి గోడలు బరువు మొయ్యవు, అంటే సగం పని అయినట్టే. మిగతా సగమే మనవాళ్లు చెడగొట్టేది.

ఎలా చెడగొడతారంటే, కరెంటు పైపులన్నీ లోపలి గోడల్లో దింపుతారు. రేపు గోడ తీద్దామంటే స్విచ్‌బోర్డులు అడ్డం. బీము గది మధ్యలో వేలాడుతూ ఉంటుంది, దాన్ని దాచడానికి కింద గోడ. గోడలు కట్టాక టైల్స్ వేస్తారు, గోడ తీస్తే కింద తొమ్మిది అంగుళాల గాడి. అందుకే మెయిన్ లైన్లు బయటి గోడల్లోంచి, సీలింగ్‌లోంచి తీసుకెళ్లమనండి. ఫ్లోరింగ్ ముందు మొత్తం పరిచేసి ఆ పైన లోపలి గోడలు నాలుగంగుళాల ఏఏసీ బ్లాకులతో (తేలికపాటి కాంక్రీటు దిమ్మలతో) కట్టించండి. ఏఏసీ బరువు ఇటుకలో మూడో వంతు ఉంటుంది, కాబట్టి రేపు గోడ ఆరడుగులు పక్కకి జరిపినా స్లాబు బెంగ పెట్టుకోదు. అయినా మీ స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఇప్పుడే చెప్పండి, గోడలు జరగొచ్చు అని, ఆయన దానికి లోడ్ లెక్క వేసుకుంటాడు.

ఇక మెట్లు. మీ ప్లాన్‌లో మెట్లు ముందు మూలన ఉంటాయని నా అనుమానం, అందరూ అక్కడే వేస్తారు. అవి దక్షిణం గోడకి ఆనుకుని ఇంటి పొడవులో మధ్యకి వస్తే ల్యాండింగ్ దగ్గర రెండు తలుపులు పెట్టుకోవచ్చు, ఒకటి ముందు సగానికి, ఒకటి వెనక సగానికి. ఇవాళ రెండోది తలుపుగా అక్కర్లేదు, లింటెల్ (తలుపు పైన వేసే చిన్న బీము) వేసి కింద ఇటుకలతో మూసేయండి. అవసరమైన రోజు ఆ ఇటుకలు తీస్తే చాలు, ఒక టూ బీహెచ్‌కే రెండు చిన్న పోర్షన్లయిపోతుంది. ముందు పోర్షన్‌కి ఆగ్నేయం వంటిల్లు ఉంది. వెనక పోర్షన్ వంటిల్లు ఎక్కడ అంటారా, వాస్తులోనే దారుంది: ఆగ్నేయం కుదరకపోతే వాయవ్యం అంటారు కదా. వాయవ్యం మూలన బాత్రూమ్ పక్కనే ఒక నీళ్ల లైను, ఒక డ్రైనేజీ మూతి ఇప్పుడే పెట్టి మూసి ఉంచండి. నిజం చెప్పాలంటే వాస్తుని నేనెప్పుడూ తిట్టుకోను, మూడు ఫ్లోర్లలోనూ వంటిల్లు అదే మూలన ఉండాలనే పట్టుదల వల్లే మన ఇళ్లలో పైపులు పైనుంచి కిందికి నిలువుగా దిగుతున్నాయి.

పైపుల్ని మాత్రం గోడల్లో పూడ్చొద్దు. సెట్‌బ్యాక్ వైపు తెరిచి ఉన్న డక్టులో, చెయ్యి పట్టేలా. మీరు పైన చెప్పిన 1990ల ఇళ్లు పడగొట్టాల్సి వచ్చింది స్లాబు వల్ల కాదు, ఈ పైపులదీ అందులో పెద్ద వాటానే. రెండు అంగుళాల పైపు కారితే యాభై లక్షల ఇల్లు పోతుంది.

లిఫ్టు గురించి: ఇప్పుడు కొనొద్దు. కానీ మూడు ఫ్లోర్లలోనూ ఒకే చోట ఐదున్నర అడుగుల చదరం స్టోర్ రూమ్ రానివ్వండి, స్లాబులో ఆ చదరం చుట్టూ బీములు కట్టి మధ్య భాగం విడిగా వేయమనండి. అడుగున లిఫ్టు గుంతకి (పిట్) సరిపడా లోతు చూసి పునాది బీము దాని మీదుగా పోకుండా చూసుకోండి. అమ్మగారికి అవసరమైన రోజు ఆ ముక్క కోసేసి లిఫ్టు దింపొచ్చు. అప్పటిదాకా అందులో బియ్యం బస్తాలు పెట్టుకోండి.

అద్దెకొంప

అన్నా, పైన చెప్పింది మంచిగనే ఉంది కానీ ఒక కిరాయిదారుగా నేను కూడా ఒక మాట చెప్పాలి. పన్నెండేళ్లలో దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, రామంతాపూర్ అన్నీ తిరిగాను, ఏడు ఇళ్లు మారాను. ఈ "మార్చుకునే ఇల్లు" అన్నది మా ఓనర్లు మీకంటే ముందే కనిపెట్టారు. టూ బీహెచ్‌కే మధ్యలో ప్లైవుడ్ కొట్టి రెండు సింగిల్ రూములు, బాల్కనీకి రేకు వేసి వంటగది, మెట్ల కింద బాత్రూమ్. ఒక ఇంట్లో నా కిటికీ తెరిస్తే పక్కింటి గోడ మూరెడు దూరంలో ఉండేది, మధ్యాహ్నం కూడా లైటు వేసుకునేవాళ్లం. మారింది ఇల్లే, గాలి మాత్రం ఒకడికే సరిపోయేంత ఉంది, దాన్ని ఇద్దరికి పంచారు.

కాబట్టి పోర్షన్లు చేసే ఆలోచన ఉంటే, ప్రతి సగానికీ రెండు వైపుల కిటికీలు వస్తాయా అని ఇప్పుడే చూడండి. సెట్‌బ్యాక్ మీటరే కాబట్టి పక్కింటివాడు కూడా మీటరు వదిలినా మధ్యలో ఆరున్నర అడుగులే, మూడో ఫ్లోర్‌కి వెలుతురు వస్తుందేమో గానీ ఫస్ట్ ఫ్లోర్‌కి రాదు. మధ్యలో ఆకాశానికి తెరిచిన చిన్న ఖాళీ, ఒక ఆరడుగుల చదరమైనా వదలండి. అది 36 చదరపు అడుగుల నష్టమే. ఓనర్లు మాత్రం దాన్ని అద్దెలో లెక్కేసి ఏడుస్తారు.

ఇంకోటి మీటర్లు. పోర్షన్‌కి ఒక మీటరు పెట్టుకునేలా వైరింగ్ ముందే లాగించండి. మొత్తం బిల్డింగ్‌కి ఒకటే మీటరు, లోపల సబ్ మీటర్లు పెడితే యూనిట్లన్నీ కలిసి ఎక్కువ రేటుండే పై టారిఫ్ స్లాబులో పడతాయి, ఆ భారం మా మీద. 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి కూడా సొంత మీటరు ఉన్న కనెక్షన్‌కే. ఒక ఓనరు మాకు యూనిట్‌కి పన్నెండు రూపాయలు వసూలు చేసేవాడు, అడిగితే "మోటారు ఖర్చు" అనేవాడు.

బోడుప్పల్_ఈస్ట్‌ఫేసింగ్

@అద్దెకొంప నిజంగా ఈ వైపునుంచి ఆలోచించలేదు బ్రదర్. మధ్యలో ఖాళీ అంటే అమ్మ ఎగిరి గంతేసింది. వాళ్ల పుట్టిల్లు అమలాపురం దగ్గర మండువా లోగిలి, "ఆ మండువాలో వానకి గంగాళాలు పెట్టి నీళ్లు పట్టేవాళ్లం" అని అరగంట చెప్పింది. 36 చదరపు అడుగులకి అమ్మ ఓటు పడిపోయింది, ఇక నా ఓటు ఎవరిక్కావాలి.

@మేస్త్రిగారబ్బాయి గారూ, మెట్లు మధ్యకి మారిస్తే ప్లాన్ మొత్తం మళ్లీ గీయాలి అంటున్నాడు మా ప్లాన్ గీసినాయన. అంత అవసరమా?

మేస్త్రిగారబ్బాయి

గీయించండి. కాగితం మీద గీత చెరిపితే రబ్బరు అరుగుతుంది, స్లాబు పడ్డాక చెరపాలంటే బ్రేకర్ తేవాలి.

సెంగ్‌కాంగ్ తెలుగోడు

నేను సింగపూర్‌లో హెచ్‌డీబీ ఫ్లాట్‌లో ఉంటున్నాను, ఇక్కడ నివాసుల్లో దాదాపు 80 శాతం ఈ ప్రభుత్వ ఫ్లాట్లలోనే ఉంటారు. మీ చర్చకి సరిగ్గా సరిపోయే విషయం: 2024 అక్టోబర్‌లో క్రాఫర్డ్ హైట్స్ అనే ప్రాజెక్టులో "వైట్ ఫ్లాట్" అని ప్రయోగం మొదలుపెట్టారు. లోపల బెడ్‌రూమ్ గోడలే ఉండవు, బీములు అడ్డం రావు, గదులు మీకు కావాల్సినట్టు విడదీసుకోండి అని ఇస్తారు. అరవై ఏళ్లకి పైగా లక్షల ఇళ్లు కట్టాక వాళ్లకి అర్థమైంది ఇది. అంతకుముందు 2013లో త్రీజెన్ ఫ్లాట్లని తెచ్చారు, అమ్మానాన్నలతో కలిసి ఉండే కుటుంబాలకి అటాచ్డ్ బాత్రూమ్‌లు రెండు ఉండేవి.

లిఫ్టు గురించి పైన అన్నది వంద శాతం నిజం. ఇక్కడి పాత బ్లాకుల్లో లిఫ్టు అన్ని ఫ్లోర్లలో ఆగేది కాదు, కొన్ని ఫ్లోర్లలోనే. వాటిలో ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. 2001 నుంచి ప్రభుత్వమే ఎక్కువ భాగం డబ్బు పోసి బయట కొత్త లిఫ్టు షాఫ్టులు అతికించుకుంటూ వచ్చింది, కొన్ని బ్లాకులకి ఇప్పటికీ కుదరలేదు. చోటు వదలకపోతే సింగపూర్ అంత డబ్బున్నవాళ్లకే అంత తిప్పలు.

అయితే ఒక తేడా గుర్తుంచుకోండి. ఇక్కడ లోపలి గోడ కొట్టాలన్నా హెచ్‌డీబీ పర్మిషన్ కావాలి, ఏ గోడ కొట్టకూడదో ముందే రాసి ఉంటుంది. కొన్ని ఫ్లాట్లలో యుద్ధం లాంటిది వస్తే తలదాచుకునే మందపాటి కాంక్రీట్ షెల్టర్ గది ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు, మా ఆవిడ దానిలో ఆవకాయ జాడీలు పెట్టుకుంటుంది. మీ ఇంటికి కూడా అలాంటి కాగితం ఒకటి తయారు చేసి పెట్టుకోండి: ఏ గోడ తీయొచ్చు, ఏ పైపు ఎక్కడుంది, మూసిన తలుపు ఎక్కడుంది. గోడలు పూసేముందు అన్ని పైపుల్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పాపకి ఇవ్వండి. లేకపోతే ఇరవై ఏళ్లకి ఆ మూసిన తలుపు సంగతి మీకే గుర్తుండదు.

బుడమేరు బాధితుడు

విజయవాడ నుంచి. మాది సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబర్ మొదటి వారంలో బుడమేరు మా ఇంట్లోకి ఎలా వచ్చిందో అందరూ టీవీల్లో చూశారు. నా అనుభవం రెండు ముక్కల్లో చెబుతాను. మా మీటర్ బోర్డు మెట్ల కింద నడుము ఎత్తులో ఉండేది, అది మునిగింది, పై ఫ్లోర్ పొడిగానే ఉన్నా నీళ్లు తగ్గేదాకా దానికీ కరెంటు లేదు. సంపు మూత నేల మట్టానికి ఉండేది, అందులోకి మురుగు పోయింది, కడిగించడానికి రెండుసార్లు మనిషిని పిలిచాం. స్టిల్ట్ వేస్తున్నారు కదా అని మీరు ధీమాగా ఉంటారేమో, మీటర్లు, మోటారు స్టార్టరు తలకంటే ఎత్తున పెట్టండి, సంపు నోటికి చుట్టూ కనీసం అడుగున్నర గట్టు కట్టి మూత వేయండి. స్టిల్ట్‌లో ఎవరికైనా గది కట్టి ఇద్దామని ఆలోచన ఉంటే మానుకోండి. వాచ్‌మన్ కుటుంబాలు మా వీధిలో ఎంత అవస్థ పడ్డాయో చూసిన మాట ఇది.

సున్నంపిడత

వేడి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి. పై ఫ్లోర్‌కి వేడి వచ్చేది ఎక్కువగా స్లాబు నుంచీ పడమటి గోడ నుంచీ. స్లాబు మీద తెల్ల సున్నమో, వేడి తిప్పికొట్టే తెల్ల పెయింటో కొట్టడం కంటే చవకైన వైద్యం లేదు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, ఇళ్లలో 600 గజాలు, అంతకు మించిన ప్లాట్లకే తప్పనిసరి, మీకు వర్తించదు, అయినా కొట్టించండి. సున్నమైతే ఏటా వేసవికి ముందు ఒకసారి వేయాలి, దుమ్ము పడితే సరిగా పని చెయ్యదు, డాబా ఊడవడం కూడా ఇందులో భాగమే. మీది తూర్పు ముఖం కాబట్టి పడమర అంటే ఇంటి వెనక. నైరుతిలో పెద్ద బెడ్‌రూమ్ అంటే సాయంత్రం ఎండంతా ఆ గోడకే. ఆ ఒక్క గోడ మాత్రం తొమ్మిదంగుళాలకి తగ్గొద్దు, కుదిరితే రెండు పొరలుగా కట్టి మధ్యలో ఖాళీ వదలండి. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఇటుకల్ని నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వచ్చేలా కట్టించిన ర్యాట్ ట్రాప్ పద్ధతిలో ఇటుకలు పాతిక శాతం దాకా మిగులుతాయి, గోడ చల్లగా ఉంటుంది. మా మేస్త్రికి చూపిస్తే "ఇది గోడా సార్, పిట్టగూడా?" అన్నాడు. నేర్పించుకునే ఓపిక ఉంటేనే దిగండి. కిటికీల మీద సజ్జలు రెండడుగులు రానివ్వండి, ఈమధ్య ఎలివేషన్ కోసం వాటిని కోసేసి తర్వాత ఏసీ కొంటున్నారు.

నీళ్లకి లెక్క చేసి చూశాను. మీ కప్పు 850 చదరపు అడుగులు, అంటే 79 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుంటే, వృథా పోగా సుమారు 50 వేల లీటర్లు. మనిషికి రోజుకి 135 లీటర్లన్నది మన ప్రభుత్వ లెక్క, నలుగురికి 540. అంటే మూడు నెలల నీళ్లు మీ నెత్తి మీదే పడుతున్నాయి. కానీ ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే పడతాయి, సంపులో పట్టవు, కాబట్టి మొదటి వాన వదిలేసి ఫిల్టర్ గుంత ద్వారా బోరు పక్కన ఇంకించండి. ఇంకుడు గుంత పర్మిషన్ కోసం తవ్వి ఫొటో తీసి మట్టి కప్పేసేవాళ్లని చాలామందిని చూశాను.

సోలార్ పెట్టాలనుకుంటే మూడు కిలోవాట్లకి దాదాపు 300 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి, పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు. ప్యానెళ్లని ఎనిమిదడుగుల ఎత్తులో పందిరిలా నిలబెడితే స్లాబుకి నీడా, కింద వడియాలు ఎండబెట్టుకునే చోటూ. (వడియాలకి ఎండ కావాలని మా ఆవిడ ఇప్పుడే గుర్తు చేసింది. పందిరికి పక్కన ఎండబెట్టుకోండి.)

బోడుప్పల్_ఈస్ట్‌ఫేసింగ్

అందరికీ చాలా థాంక్స్. మా ప్లాన్ గీసినాయన చేత మళ్లీ గీయిస్తున్నాను. మెట్లు మధ్యకి, లిఫ్టు చదరం స్టోర్ రూమ్‌గా, వాయవ్యం మూలన మూసిన పైపులు, మధ్యలో ఆరడుగుల ఖాళీ. ఈ ఖాళీకీ మెట్లకీ కలిపి హాలు రెండడుగులు తగ్గింది, మా ఆవిడ సోఫా సెట్ కొలతలు తీసుకుని కూర్చుంది, ఆ యుద్ధం ఇంకా నడుస్తోంది.

ఒక చివరి ప్రశ్న. డబ్బు సరిపోకపోతే ఇప్పుడు రెండు ఫ్లోర్లే వేసి మూడోది ఐదారేళ్లకి వేద్దామనుకుంటున్నాం. పిల్లర్ల చువ్వలు పైకి వదిలేస్తే చాలా?

మేస్త్రిగారబ్బాయి

రెండే వేయడంలో తప్పు లేదు. ఇండోర్‌లో అరణ్య కాలనీని ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి గారు అలాగే వేశారు, స్థలం, బాత్రూమ్, పునాది లాంటివి ముందు ఇచ్చి మిగతాది ఎవరికి డబ్బు చేతికొచ్చినప్పుడు వాళ్లు కట్టుకున్నారు. మన ఊళ్లలోనూ అంతే, ముందు వంటిల్లూ ఒక గదీ, పంట బాగా వచ్చిన ఏడు వసారా మూసి ఇంకో గది.

కానీ ఫుటింగ్‌లు, పిల్లర్లు మాత్రం ఇప్పుడే మూడు ఫ్లోర్లకి డిజైన్ చేయించి వేయండి, ఆ కాగితం దాచండి. చువ్వల్ని ఊరికే వదిలేస్తే ఐదేళ్ల వానకి తుప్పుపట్టి సగం అవుతాయి. సిమెంట్ పాలు పూసి, చుట్టూ బలం లేని నాసి కాంక్రీటుతో మూరెడు దిమ్మ కట్టేయండి, ఆ రోజు సుత్తితో కొడితే రాలిపోతుంది, లోపల చువ్వ కొత్తదానిలా ఉంటుంది. దిమ్మల మీద కొన్నాళ్లు పూలకుండీలు పెట్టుకోవచ్చు. ఆ సోఫా సంగతి ఏమైందో చెప్పండి.